తొమ్మిది సెకన్లు

మొదటిది యాభై సెకన్లు, రెండోది రెండు నిమిషాల పది, మూడోది తొమ్మిది. ఒట్టి తొమ్మిది. యాభై అంటే అర్థమవుతుంది, ఎవరో బొత్తాం నొక్కారు, ఎవరూ పలకలేదు, ఆపేశారు. రెండు నిమిషాల పది ఇంకా బాగా అర్థమవుతుంది, భయం పట్టుకుంది, మోగనీ, ఎంతసేపైనా మోగనీ అని నిలబడ్డారు. కానీ తొమ్మిదేమిటి, తొమ్మిది సెకన్లలో మనిషి ఏమనుకుని ఆపేస్తుంది, ఆపేసిందా అసలు, లేక చెయ్యి జారి మళ్ళీ ఆ బొత్తాం మీదే పడిందా, రెండోసారి తగిలితే మోత ఆగిపోతుంది కదా దిక్కుమాలిన బొత్తానికి, కూలబడుతూ భుజం ఆనినా చాలు. నిన్న మధ్యాహ్నం మూడూ ఇరవై ఎనిమిది. ఇప్పుడు పదకొండు దాటి మూడు నిమిషాలు. పన్నెండింటికి టీమ్ లీడర్ మాట్లాడతానన్నాడు. "పన్నెండుకి ఒక్క పది నిమిషాలు కావాలి మేడం, కెమెరా ఆన్‌లో ఉంచండి" అని రాశాడు, చివర నవ్వు బొమ్మ కూడా పెట్టలేదు, అడ్డమైన ప్రతి కబురుకీ నవ్వు బొమ్మ పెట్టే మనిషి. అది చూడగానే ఆమె గుండెల్లో రాయి పడింది. ఇంకా యాభై ఏడు నిమిషాలు ఆ రాయి మోస్తూ కూర్చోవాలి.

ఆమె చేసేది లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళతో మాట్లాడే ఉద్యోగం. ఎక్కడో ఏ మేడలోనో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోతుంది, లోపలున్నవాళ్ళు గంట బొమ్మ ఉన్న ఎర్ర బొత్తాం నొక్కుతారు, ఆ గంట మోగేది మాత్రం ఇదిగో ఇక్కడ, ఈ పడగ్గది మూల, బీరువాకీ కిటికీకీ మధ్య ఇరికించిన కూతురి పాత చదువుల బల్ల మీద. నూట నలభై రెండు లిఫ్టులు ఆమెవి. ఎత్తగానే ముందు ఒక యంత్రం గొంతు పలుకుతుంది, ఈ సంభాషణ రికార్డవుతుంది అని, ఆ తర్వాత ఆమె. మెకానిక్‌ని పంపడం అర నిమిషం పని. అతను వచ్చేదాకా లోపలి ప్రాణాన్ని నిలబెట్టడమే అసలు పని. దానికి కంపెనీ ఒక కాగితం ఇచ్చింది, ఎదురుగా గోడకి అంటించుకుంది, చూడక్కర్లేదు, నిద్రలో లేపి అడిగినా చెబుతుంది: భయపడకండి. తలుపులు లాగకండి. లోపలికి గాలి వస్తుంది, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి. మెకానిక్ బయల్దేరాడు. నేను లైన్లోనే ఉన్నాను, ఎక్కడికీ వెళ్ళను. ఆ ఆఖరి మాట దగ్గరే అవతల ఏడుపు తగ్గుతుంది, ఎన్నిసార్లు విందో ఆ తగ్గడం. ఎక్కడికీ వెళ్ళను. వెళ్ళింది కదూ. ఏ సముద్రాలూ దాటి వెళ్ళలేదు, కుర్చీలోంచి రెండడుగుల దూరం వెళ్ళింది, నేల మీద దుప్పటి మడిచి పరుచుకుని నడుం వాల్చింది. పది నిమిషాలనుకుంది. నిద్రలో లేపి అడిగినా చెబుతుందట. లేపారు కదా నిన్న, మూడుసార్లు, చెప్పిందా?

భయపడకండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి అని తనకు తానే చెప్పుకుని చూసింది, పీల్చిన ఊపిరి సగంలోనే ఆగిపోయింది. కాగితంలో ఉన్నది ఎదుటివాళ్ళకే పనిచేస్తుంది కాబోలు. తెర మీద కుడివైపు మూల, ఆమె పేరు పక్కన, ఆవగింజంత పచ్చ చుక్క. అదీ అసలు దొంగ. మౌస్ కదులుతున్నంతసేపూ పచ్చగా ఉంటుంది, ఐదు నిమిషాలు కదలకపోతే పసుపవుతుంది. పచ్చగా ఉంటే మనిషి కుర్చీలో ఉన్నట్టు, గంట ఆ మనిషికే వస్తుంది, ఎంతసేపు మోగినా అక్కడే మోగుతుంది. పసుపైతే గంట ఇంకొకళ్ళకి మళ్ళుతుంది, ఇక్కడ పేరు మీద ఒక పసుపు గీత పడుతుంది, నెలకి పది గీతలైతే పిలిచి మాట్లాడతారు, మాట్లాడినవాళ్ళలో సగం మంది ఆ మరుసటి నెల కనిపించరు. నోరు ఎంత కష్టపడినా చుక్కకి లెక్కలేదు, మౌస్ కదలాలి, అంతే. పోయిన ఏడాది ఒక నిండు గర్భిణి, కరెంటు పోయి చీకట్లో ఇరుక్కుపోయింది, తను ఇరవయ్యారు నిమిషాలు మాట్లాడింది ఆ పిల్లతో, హెడ్‌ఫోన్ని రెండు చేతులా చెవులకి అదిమిపట్టుకుని, నీకేం కాదు తల్లీ, నీ పాప పేరేం పెడతావో చెప్పు, ఆ పేరు వద్దు ఇంకోటి చెప్పు, అంటూ. తలుపు తెరుచుకున్నాక ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది, ఈమె కూడా ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని తెరవైపు చూస్తే చుక్క పసుపు, ఒక కబురు: మీరు ఇరవయ్యొక్క నిమిషాలు పనిలో లేరు. పనిలో లేదట!

అప్పుడే తనతో పనిచేసే తుమ్ములావిడ ఫోన్ చేసింది. ఈ తుమ్ములావిడని ఆమె ఒక్కసారైనా కళ్ళారా చూడలేదు, మీటింగులు మొదలవగానే ఏడు తుమ్ములు తుమ్ముతుంది, లెక్కపెడితే ఏడే, అందుకని ఆ పేరు. "పిచ్చిదానా, ఇంట్లో ముళ్ళున్న చేతి గడియారం ఉందా? దాన్ని వెల్లకిలా పెట్టి పైన మౌస్ పెట్టు. కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే నువ్వే కదుపుతున్నావనుకుంటుంది అది. నీ చుక్క నిండు నూరేళ్ళు పచ్చగా వర్ధిల్లుతుంది పో!" అని నవ్వి, తుమ్మి, పెట్టేసింది. ముళ్ళున్న గడియారం ఇంట్లో ఒక్కటే ఉంది. నాన్నది. కార్ఖానా గేటు దగ్గర టైమ్ కీపర్ ఆయన, ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ గడియారం కేసి చూసి ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యమయ్యారో పుస్తకంలో రాసినవాడు, మేనమామ కొడుకు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వస్తే అదీ రాశాడు, చుట్టాలు ఏడాదిపాటు గుమ్మం తొక్కలేదు. ఆయన పోయాక అన్నయ్య ఇల్లు తీసుకున్నాడు, తను గడియారం అడిగింది. అడిగి తెచ్చుకుని ఏం చేసిందీ, మౌస్ కింద పెట్టింది. మొదట్లో మాట్లాడేటప్పుడు మాత్రమే, అది న్యాయమే కదా, నోటితో పనిచేస్తున్నప్పుడు చేతికి బదులు ముల్లు. తర్వాత బాత్రూమ్‌కి వెళ్ళినప్పుడు. మనిషి బాత్రూమ్‌కి వెళ్ళడం తప్పా? ఆ తర్వాత పొయ్యి మీద పాలు పొంగుతుంటే. తర్వాత బట్టలు ఆరేసే ఐదు నిమిషాలు, కిటికీ దగ్గర ఊరికే నిలబడే రెండు నిమిషాలు. ఏకు మేకైంది. నిన్న నిద్ర.

పదకొండూ పద్నాలుగు. ఇప్పుడూ అక్కడే ఉంది గడియారం, మౌస్ కింద, తెర మీద బాణం గుర్తు సన్నగా వణుకుతోంది, ఆమె చేతులు ఒళ్ళో ఉన్నాయి. తీసేస్తే? తీసేస్తే ఐదు నిమిషాల్లో పసుపు, ఇవాళ కూడానా, పన్నెండింటికి పిలుపు పెట్టుకుని ఇవాళ కూడానా. ఉంచితే? ఉంచితే చూస్తున్నారేమో, వాళ్ళకి తెలిసిపోయిందేమో, బాణం అలా వణకడం మనిషి చెయ్యి కాదని కనిపెట్టే యంత్రం కూడా ఏదో ఉండే ఉంటుంది, ముందు నుయ్యి వెనక గొయ్యి. ప్రతి సోమవారం కంపెనీ ఆరోగ్య సూత్రాలు పంపుతుంది, గంటకోసారి లేచి నడవండి, ఎండలో నిలబడండి, మెడ ఇటూ అటూ తిప్పండి, గ్లాసు పట్టుకుని నవ్వుతున్న అమ్మాయి బొమ్మ. లేచి నడిస్తే చుక్క పసుపు. కూర్చుంటే ఒళ్ళు పోతుంది, లేస్తే ఉద్యోగం పోతుంది, ఆ గ్లాసు అమ్మాయికి ఎవరైనా చెప్పండమ్మా. వాకిలి దాటి బయట కాలుపెట్టి ఎన్నాళ్ళయింది, లెక్క చూసుకుంటే పంతొమ్మిది రోజులు, చెత్త పడెయ్యడానికి కూడా కూతురే వెళుతోంది. కుడి చెయ్యి బొటనవేలు తెల్లారేసరికి బిగుసుకుపోయి ఉంటుంది, నడుం దగ్గర ఒక చోట ఎవరో వేలుపెట్టి నొక్కుతున్నట్టే ఉంటుంది, రాత్రంతా పక్క మీద దొర్లి మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్ళు వాటంతటవే మూతలు పడతాయి. ఇదంతా పన్నెండింటికి చెబుతుందా? చెబితే వింటాడా? నిద్ర రావడం జబ్బు కాదు మేడం అంటాడు, నవ్వు బొమ్మ లేకుండా.

ఆఫీసు ఉన్న రోజుల్లో ఇలా కాదు. ఎనిమిది మంది ఒకే గదిలో, ఒకే పొడుగు బల్ల, తలుపు పక్కన మంచినీళ్ళ కుండ, గంట మోగితే ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు ఎత్తేవాళ్ళు. "నువ్వు వెళ్ళి మొహం కడుక్కుని రావే, నేను చూస్తాలే" అనేది పక్క కుర్చీ ఆవిడ, ఆవిడ లేస్తే ఈమె చూసేది. ఎవరికైనా కునుకు పట్టినా పట్టేది, కాదనడం దేనికి, మోచేత్తో పొడిచి లేపేవాళ్ళు, అందరూ నవ్వేవాళ్ళు. ఆ గదిలో ఎవరో ఒకరు ఎప్పుడూ మేలుకునే ఉండేవారు. ఇళ్ళకి పొమ్మన్న రోజున సంబరపడిపోయింది తను, బస్సుల్లో తోసుకోవడం తప్పింది, పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఎదురుగా ఉండొచ్చు అని. ఇంట్లో మోచెయ్యి ఎవరిది? భర్త బస్సు నడుపుతాడు, తెల్లవారుజామున పోయి సాయంత్రానికి వస్తాడు. కూతురు బడికి. బీరువా పొడుస్తుందా, కిటికీ పొడుస్తుందా. పై అంతస్తులో ఎవరో గోడకి బెజ్జాలు కొడుతున్నారు, గుర్రున ఒక మోత, ఆగడం, మళ్ళీ మోత, నిన్న ఈ పని పెట్టుకుని ఉంటే ఏం పోయేది వాళ్ళకి, నిన్న మూడింటికి ఈ గోల ఉండి ఉంటే నిద్రే పట్టేది కాదు.

నిన్న లేచేసరికి నాలుగూ రెండు. నోట్లోంచి చొంగ కారి దుప్పటి తడిసింది, కిటికీ ఎండ గోడ మీదికి పోయింది, ముందు నడుం హాయిగా ఉందనిపించింది, అదీ సిగ్గుచేటు, ఒక్క క్షణం ఎంత హాయిగా ఉందో. హెడ్‌ఫోన్ బల్ల మీద ఉంది. గంట మోగేది దాంట్లోనే, బయటికి వినబడదు. తెర మీద మూడు గీతలు ఎర్రగా. లిఫ్టు నంబరు, మేడ పేరు, యాభై, రెండు నిమిషాల పది, తొమ్మిది. పై ప్రాణాలు పైనే పోయాయి. వెంటనే తిరిగి ఫోన్ చెయ్యాలి, లిఫ్టులోకే చెయ్యొచ్చు, అందులో ఎత్తడాలూ దించడాలూ ఉండవు, గోడలో ఉన్న డబ్బా దానంతటదే పలుకుతుంది. చెయ్యి అక్కడిదాకా వెళ్ళింది. వెళ్ళి ఆగింది. చేస్తే ఎవరైనా పలుకుతారు, పలికితే ఇంతసేపూ ఏమయ్యావంటారు, ముప్పై నాలుగు నిమిషాలు. లేదంటే ఎవరూ పలకరు. అది ఇంకా ఘోరం, లిఫ్టులో మనిషి ఉండీ పలకకపోవడం. గీతల పక్కన ఒక గడి ఉంటుంది, కారణం అని, అది నింపితే గానీ షిఫ్టు ముగించనివ్వదు. నొక్కితే నాలుగు మాటలు కిందికి జారతాయి, అందులోంచి ఒకటి ఎంచుకోవాలి. మెకానిక్ వెళ్ళాడు. కరెంటు వచ్చింది. పరీక్ష కోసం నొక్కినది. పొరపాటున నొక్కినది. నిద్రపోయాను అనేది ఆ నాలుగింటిలో లేదు. పొరపాటున నొక్కినది. మూడింటికీ అదే పెట్టింది, టక్ టక్ టక్, ఎర్ర గీతలు బూడిదరంగుకి మారిపోయాయి, షిఫ్టు ముగిసింది. తను పెట్టిన మాట అది. ప్రాణం కోసం మూడుసార్లు నొక్కినవాళ్ళని పొరపాటు చేశారంది.

"ఏంటలా ఉన్నావు, దెయ్యం పట్టినట్టు?" అన్నాడాయన రాత్రి అన్నం ముందు కూర్చుని. "ఏం లేదండీ, నడుం నొప్పి" అంది. నడుం నొప్పి నిజమే, అబద్ధాల్లో ఒక నిజం. ఈ పొద్దున కూతురు జడ వేయించుకుంటూ, "అమ్మా, నువ్వు మళ్ళీ అదే చిక్కు తీస్తున్నావు, అక్కడ చిక్కు లేదు" అంది. తను పేపరంతా చదివింది ఫోన్లో, లిఫ్టు అనే మాట ఎక్కడైనా ఉందేమోనని, ఎక్కడో గోడ కూలింది, ఎక్కడో పెళ్ళి ఆగింది, లిఫ్టు లేదు. లేకపోతే? పేపర్లో పడే చావులెన్ని, పడనివెన్ని. ఆ మేడ ఆరంతస్తులు, పాతది, దాంట్లోంచి ఏడాదికోసారైనా గంట రాదు, అక్కడ ఎవరుంటారో ఆమెకి తెలియదు, తెలియకపోవడం వల్లే నిన్నటినుంచీ అక్కడ ఎవరెవరినో పెట్టి చూస్తోంది. గుండె జబ్బున్న మనిషిని పెట్టింది, చొక్కా బొత్తాలు తీసుకుంటూ. ఉబ్బసం ఉన్న పిల్లని పెట్టింది. నిరుడు కాపాడిన ఆ గర్భిణిని పెట్టింది, ఇప్పుడు చంకలో బిడ్డతో. చివరికి తననే పెట్టింది, అద్దంలో తన మొహం తనే చూసుకుంటూ నొక్కుతోంది, ఎవరూ పలకడం లేదు, ఎవరు పలుకుతారు, పలకాల్సింది నిద్రపోతోంది. ఎవరిని పెట్టినా తొమ్మిదో సెకను దగ్గర చెయ్యి జారుతోంది.

పదకొండూ నలభై. లేచి వెనకాల తాడు మీది బట్టలు తీసి మంచం మీద పడేసింది, కెమెరాలో కనబడకుండా. జుట్టు దువ్వుకుంది. చీర కొంగు ఒకసారి ఇటు, ఒకసారి అటు. నెట్ పోయిందంటే? నెట్ పోతే చుక్క పచ్చగా ఎందుకుంది అంటారు. హెడ్‌ఫోన్ పాడైందంటే? మరి పొరపాటున నొక్కారని ఎలా తెలిసింది మేడం మీకు, వినబడకుండానే? ఆ గడి నింపకపోయినా ఏదో ఒకటి చెప్పుకునేది, ఇప్పుడు తన గొయ్యి తనే తవ్వుకుని చక్కగా కొలతలు కూడా రాసిపెట్టింది. తుమ్ములావిడకి ఫోన్ చేస్తే? ఆవిడేమంటుంది, నీ వల్ల గడియారాల సంగతి బయటపడితే అందరం పోతామంటుంది, అదీ నిజమే. నాన్న ఒకసారి తనే ఆలస్యమయ్యాడు. ఈమెకి జ్వరం, రాత్రంతా కూర్చుని తెల్లారి నిద్రపోయాడు, కార్ఖానాకి పదకొండు నిమిషాలు ఆలస్యంగా పోయి, పుస్తకం తీసి, పై నుంచి కింది దాకా తన పేరు వెతుక్కుని పదకొండు అని రాసుకున్నాడు. అమ్మ ఎంత తిట్టిందని, ఎవడడిగాడయ్యా నిన్ను అని. ఎవరూ అడగలేదే అన్నాడు, అంతే, వేరే ఏమీ అనలేదు, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఈ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చి చావాలి, సరిగ్గా పన్నెండు కొట్టబోతుంటే.

పన్నెండు. తెర మీద అతని మొహం వచ్చింది, వెనకాల ఎవరి ఇల్లో తెలియకుండా మసకగా. ఒక చెయ్యి మౌస్ మీద వేసింది, గడియారం కనబడకపోయినా సరే, కప్పేసింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే.

"మేడం, నిన్నటి దాకా మీ లెక్కలన్నీ చూశాం," అన్నాడు.

ఆమె మౌస్‌ని ఇంకా గట్టిగా అదిమింది.

"ఈ నెలలో ఒక్క పసుపు గీత లేదు మీకు! ఇరవయ్యారు మందిలో మీరొక్కరే. నేనైతే పైవాళ్ళకి చూపించాను, నమ్మలేదు తెలుసా?" అని నవ్వాడు, బొమ్మ కాదు, నిజం నవ్వే. "రేపు పదింటికి కొత్తవాళ్ళకి మీరు ఒక పావుగంట చెప్పాలి మేడం. ఇంట్లోంచి పనిచేస్తూ చురుగ్గా ఎలా ఉండాలి, ఆరోగ్యం ఎలా చూసుకోవాలి. మీ రహస్యం ఏంటో చెప్పెయ్యండి అందరికీ."

దొంగకి తేలు కుట్టినట్టు కూర్చుంది. ఇంకేమైనా అడుగుతాడని చూసింది, నిన్నటి మూడు గీతల సంగతి, అడగలేదు. బూడిదరంగు గీతల్ని ఎవరూ చూడరు. తన చెవులకే వింతగా వినిపించిన గొంతుతో, "సరేనండీ" అంది. "థాంక్యూ మేడం, నీళ్ళు బాగా తాగండి" అన్నాడు, తెర ఖాళీ అయింది, చుక్క పచ్చగా ఉంది.

అయిపోయింది. గండం గడిచింది, ఎవరికీ తెలియదు, ఇక ఎప్పటికీ తెలియదు. రాయి కిందికి దిగాలి కదా మరి, దిగలేదు, పైపెచ్చు ఇందాక లేని చలి ఒకటి వేళ్ళ కొసల్లోంచి మొదలైంది. అతను తిట్టి ఉంటే తెలిసేది, ఆ లిఫ్టులో ఏమైందో ఆ తిట్లలోనే ఉండేది, బతికుంటే ఒక రకం తిట్లు, పోతే ఒక రకం. అతనికే తెలియదు. అంటే ఆ తొమ్మిది సెకన్లు ఈ ప్రపంచం మొత్తంలో ఆమె ఒక్కదానికే తెలుసు, ఆమెకీ, లోపలున్న మనిషికీ, ఆ మనిషి ఉంటే. రేపు పదింటికి పావుగంట చెప్పాలి. గంటకోసారి లేచి నడవండమ్మా, నీళ్ళు తాగండి, నాన్నగారి గడియారం ఒకటి దగ్గరుంచుకోండి. మౌస్ ఎత్తి గడియారం లాగింది, అద్దం వెచ్చగా ఉంది. పక్కన పెట్టింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఆలోచిస్తే మళ్ళీ చెయ్యి ఆగుతుందని ఆలోచించకుండా, ఆ లిఫ్టు నంబరు నొక్కింది.

ఈ సంభాషణ రికార్డవుతుంది అంది యంత్రం గొంతు, రెండు వైపులా వినిపించేలా. తర్వాత లిఫ్టు. ఆమె ఎప్పుడూ భయపడేవాళ్ళు ఉన్న లిఫ్టులే విన్నది, ఇది మామూలు లిఫ్టు, చిన్నగా గాలి తిరుగుతున్న చప్పుడు, తాడు కిర్రుమనడం. తలుపులు తెరుచుకున్నాయి. చెప్పుల అడుగులు, సంచీ దేనికో రాసుకున్న చప్పుడు.

"హలో," అంది.

"అమ్మ బాబోయ్! ఎవరది?" మగ గొంతు, ఏదో కింద పడింది.

"భయపడకండి," అంది, నోటికొచ్చింది అదే. "లిఫ్టు కంపెనీ నుంచండీ. నిన్న మధ్యాహ్నం ఈ లిఫ్టులో ఎవరైనా..."

"ఇప్పుడా అడగడం? నిన్న ముప్పావుగంట ఉండిపోయింది మా నాలుగో అంతస్తు పెద్దావిడ. చేతికర్రతో తలుపు మీద కొడుతుంటే నేనే విని వాచ్‌మన్‌ని పిలుచుకొచ్చాను. మీ బొత్తాం ఒకటి, అలంకారానికి పెట్టారా ఏంటి?"

"ఆవిడ..." అంది. "ఆవిడ ఎలా ఉన్నారండీ?"

"నేనెందుకు, ఆవిణ్ణే అడగండి. నాలుగుకే పోతున్నా." కింద పడినవి ఏరుకుంటున్నాడు. లిఫ్టు కదిలింది, ఆమె కుర్చీ చేతులు పట్టుకుంది, తనే ఎక్కినట్టు. ఉన్నారు. అడగండి అన్నాడంటే ఉన్నారు. తలుపులు తెరుచుకున్నాయి, "పిన్నిగారూ! ఓ పిన్నిగారూ! లిఫ్టు మీతో మాట్లాడుతుందట, రండి!" అని అతను అరిచాడు, తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టినట్టున్నాడు, అది మాటిమాటికీ వచ్చి తగిలి వెనక్కి పోతోంది. చాలాసేపటికి కర్ర చప్పుడు. దూరంగానే ఆగింది.

"లోపలికి రాను నాయనా. ఇక్కణ్ణుంచే మాట్లాడతాను," అంది ముసలి గొంతు. "పొద్దున పాల ప్యాకెట్టుకి మెట్లు దిగి ఎక్కాను, మోకాళ్ళు నావి కావు. అయినా సరే, దాంట్లోకి రాను." తర్వాత గట్టిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు, "ఎవరమ్మాయ్?"

"నేనమ్మా. మీరు బొత్తాం నొక్కితే పలకాల్సినదాన్ని."

"నువ్వేనా! ఎంత పిలిచాను తల్లీ నిన్న." కోపం లేదు గొంతులో, అది ఉంటే బాగుండును. "ఒకసారి నొక్కాను. రెండోసారి చాలాసేపు చూశాను, లైటు కూడా మిణుకుమిణుకుమంటోంది. మూడోసారి నొక్కి, ఇదేంటి, నాలాంటివాళ్ళు ఊరంతా ఎంతమంది ఉంటారో, పాపం ఏ పనిలో ఉందో పిల్ల, ఊరికే విసిగించడం దేనికని నేనే ఆపేశాను."

తొమ్మిది సెకన్లు. ఆమెకి కుర్చీ, బల్ల, గోడ మీది కాగితం, అన్నీ ఒక్కసారి దూరం జరిగినట్టయింది. చెయ్యి జారలేదు. ఎవరూ కూలబడలేదు. పాపం ఏ పనిలో ఉందో అనుకుందట.

"ఏ పనిలోనూ లేనమ్మా," అంది. రికార్డవుతోంది, తెర మీద ఎర్రగా వెలుగుతోంది ఆ గుర్తు, చూస్తూనే అంది. "నిద్రపోయాను. నేను కుర్చీలో ఉన్నట్టు కనబడేలా చేసి, కింద పడుకుని నిద్రపోయాను. మీరు పిలిచింది ఇంకెవరికీ వెళ్ళకుండా నేనే అడ్డం పడ్డాను. లేచాక కూడా మీకు ఫోన్ చెయ్యలేదు, పొరపాటున నొక్కారని రాశాను. తప్పు నాదమ్మా."

అటువైపు తలుపు వచ్చి అతని కాలికి తగిలి వెనక్కి పోయింది. ఇంకోసారి. "సరిపోయింది!" అన్నాడతను, ముసలావిడ అతన్ని ఉండమన్నట్టుంది.

"అంత నిద్ర వచ్చేదాకా ఎందుకు కూర్చోబెడతారే నిన్ను?" అంది. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "భయమేసింది తల్లీ నాకు. చచ్చిపోతానని కాదు. పిలుస్తుంటే ఎవరూ లేకపోవడం ఉంది చూడు, అది." కర్ర నేల మీద ఒకసారి పొడిచింది. "రేపు కళ్ళ డాక్టరు దగ్గరికి పోవాలి. ఈ మెట్లు నావల్ల కాదు. రేపు ఎక్కుతూ నొక్కుతాను, ఉంటావా?"

నేను లైన్లోనే ఉన్నాను, ఎక్కడికీ వెళ్ళను. ఎదురుగానే ఉంది కాగితం. రేపు. రేపు ఈ కుర్చీలో ఎవరుంటారో, ఇప్పుడు అన్నదంతా సాయంత్రానికి ఎవరో ఒకరు వింటారు, రేపటికి ఈ గంట ఇంకెవరి ఇంట్లో మోగుతుందో. భయం వేసింది, ఇందాకటి భయం కాదు, కూతురి బడీ, ఆయన మొహం, అన్నీ గుర్తొచ్చే మామూలు భయం. ఉంటానని చెప్పడం ఎంత తేలిక.

"రేపటి సంగతి నాకు తెలియదమ్మా," అంది. "ఇప్పుడున్నాను. ఇప్పుడు ఎక్కుతారా? కిందిదాకా దిగి, మళ్ళీ పైకి. నేను మాట్లాడుతూనే ఉంటాను."

ఆమె కళ్ళు మూసుకుంది. తెర మూల చుక్క పసుపుకి మారి ఉంటుంది, మారనీ. చాలాసేపటికి కర్ర చప్పుడు, దగ్గరగా, ఇంకా దగ్గరగా, లోహపు నేల మీద. "నువ్వూ రా నాయనా, నా చెయ్యి పట్టుకో" అంది ముసలావిడ అతనితో. తలుపులు మూసుకున్నాయి. లోపల ఊపిరి వేగంగా వినబడింది, ఆమె ఊపిరీ అంతే వేగంగా ఉంది.

"నాలుగు," అంది ముసలావిడ. "ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

తాడు కిర్రుమంది.

"మూడు. ఉన్నావా?"

"ఉన్నాను."

"రెండు," అంది, ఈసారి అడగలేదు, ఆగింది, వింటోంది.

"ఉన్నాను," అంది ఆమె.